తడపని ముడి: అల్ ఖోబర్ గాలాల కొట్టులో నా ఉద్యోగం

గల్ఫ్‌లో గాలాల సామాన్ల కొట్టులో పని దొరికిందని ఈ మధ్య మా నరసాపురం వైపు కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు నాకు ఫోన్ చేశారు. జీతం సరిగ్గా ఇస్తారా, గదిలో ఏసీ ఉంటుందా, వీసా ఇచ్చే కఫీలు మంచివాడేనా అని అడిగారు. దారం గురించి ఒక్కడూ అడగలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ కొట్లో మీరు నిలబడేది దారం మీదే నాయనా, మిగతావన్నీ తర్వాత. ఫోన్లో చెబితే చెవికెక్కదు కాబట్టి రాస్తున్నాను.

ఎప్పుడు చేరాను, ఎప్పుడు మేనేజరునయ్యాను అన్న సంగతులు నాకే విసుగు. అవి వదిలేస్తాను. ట్రౌట్ చేప దారం గురించి చెబుతాను. ఆ దారం వల్ల ఒక ఏడాది నా కుటుంబం అక్కడ ఉండాలా, పోవాలా అన్నంత వరకు వచ్చింది. ఆ సంగతీ చెబుతాను.

చివరి రెండు మూరలు

మా కొట్టు సౌదీలోని అల్ ఖోబర్‌లో సముద్రానికి దగ్గరే. అమ్మకాల్లో ఎక్కువ భాగం హమూర్ చేప పట్టేవాళ్ల సామానే. లావుపాటి దారాలు, సీసం గుండ్లు, పెద్ద పెద్ద గాలాలు. ఒక మూల అద్దాల అలమరలో మాత్రం ట్రౌట్ సామాను ఉండేది. ఎడారిలో ట్రౌట్ ఏమిటని నవ్వకండి. ఎండలు ముదరగానే బోస్నియాకో టర్కీకో పోయి, కొండల్లో చల్లటి ఏళ్ల పక్కన నిలబడి ఈ చేపను పట్టే సౌదీ పెద్దమనుషులు కొందరున్నారు. ఆ మూల వాళ్లది.

వాళ్లు ఎర వాడరు. ఈకా దారమూ చుట్టి చేసిన చిన్న దొంగ ఈగను నీటి మీద తేలనిస్తారు. కింద చేప దాన్ని నిజమైన ఈగ అనుకుని పైకి రావాలి. దీన్నే డ్రై ఫ్లై అంటారు. చేపలు పట్టే రాడ్డు నుంచి వచ్చే తాడు లావుగా ఉంటుంది. దాని కొసకు లీడరని ఒకటి, పోనుపోను సన్నబడుతుంది. ఆ లీడరు చివర ముడేసే రెండు మూరల సన్నటి దారమే టిప్పెట్. ఈగను కట్టేది దానికే. వేల రియాళ్ల రాడ్డు కొన్నవాడి పరువైనా ఆ రెండు మూరల మీదే ఆధారపడి ఉంటుంది.

ఇది నాకు నేర్పినవాడు ఇంజనీర్ నబీల్. రిటైరైన సౌదీ ఇంజనీరు. కోపం ముక్కు మీదే ఉండేది. మొదట్లో నేనొక తప్పు దారం ఇస్తే దాన్ని బల్ల మీదికి విసిరి, "బ్రసాద్, నువ్వు చేప వైపు నుంచి చూడు" అన్నాడు. అరబ్బులకు నోట్లో ప పలకదు కాబట్టి అక్కడ నా పేరు అదే. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, ఓపిగ్గా అంతా చెప్పాడు. తిట్టి వదిలేసే కస్టమర్లు చాలామందే ఉంటారు. తిట్టి నేర్పేవాడు దొరికితే టీ తెప్పించండి.

నైలానే ఇవ్వండి

మీ యజమాని మిమ్మల్ని ఫ్లోరోకార్బన్ దారం అమ్మమంటాడు. అది ఖరీదు. నీళ్లలో కనబడదని డబ్బా మీద రాసి ఉంటుంది. రాళ్లకు రాసుకున్నా తొందరగా తెగదు. నీటి అడుగున పట్టేవాడికి అది మంచిదే, నేనూ అమ్మాను. కానీ అది మునుగుతుంది, కాస్త బిరుసు కూడా. తేలాల్సిన చిన్న ఈగను మెల్లగా కిందికి లాగేస్తుంది. డ్రై ఫ్లై అన్నవాడికి నైలాను ఇవ్వండి. మెత్తన, ముడి బాగా కూర్చుంటుంది, ఈగను స్వేచ్ఛగా తేలనిస్తుంది. లాభం తక్కువని యజమాని మొహం ముడుచుకుంటే ముడుచుకోనీండి. ఆ కస్టమరు మళ్లీ వస్తాడు.

లావు సంగతి. డబ్బా మీద మూడు ఎక్స్, ఐదు ఎక్స్, ఆరు ఎక్స్ అని ఉంటుంది. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఈగ గాలం నంబరును మూడుతో భాగించమని నబీల్ చెప్పాడు. పద్దెనిమిదో నంబరు ఈగకు ఆరు, పదిహేనో నంబరు దగ్గర ఉన్నవాటికి ఐదు. అది మొదలు మాత్రమే. నీరు నిలకడగా, అద్దంలా ఉంటే ఒక నంబరు సన్నం చేయండి. గాలి ఎక్కువైనా, ఈగ బొద్దుగా ఉన్నా ఒక నంబరు లావు చేయండి, లేకపోతే విసిరిన ప్రతిసారీ దారం పురి తిరిగి చిక్కుపడుతుంది. అనుమానం వస్తే ఈగ కట్టి అరచేతిలో పెట్టి మెల్లగా తోయండి. దారం మెత్తగా వంగాలి. పుల్లలా నిలబడి ఈగను నెడితే అది లావు.

మరీ సన్నం ఇస్తే గొప్ప అనుకునే సేల్స్‌మన్‌లున్నారు. సన్నటి దారంతో చేపను గట్టిగా లాగలేరు, చాలాసేపు ఆడిస్తారు. తిరిగి నీళ్లలో వదిలినా అలసటతో అది చచ్చిపోతుంది. అది వేట కాదు, హింస. ఇంకోటి, నైలానుకు ఎండ పడదు. మన ఖోబర్ ఎండలో కారులో వదిలేసిన దారం చుట్ట వారం తిరిగేసరికి పనికిరాకుండా పోతుంది. కిటికీ అద్దంలో అందంగా పేర్చే షాపుల్లో టిప్పెట్ కొనకండి, అమ్మకండి.

కొట్టు రంగు

సౌదీలకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాకత్ చట్టం వచ్చాక కొట్లకు కూడా రంగులొచ్చాయి. తగినంతమంది సౌదీలు పనిలో ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. ఎర్రబడిన కొట్టులో విదేశీయుల ఇఖామాలు, అంటే అక్కడ ఉండే పర్మిట్లు, రెన్యూ కావు. ఇఖామా లేనివాడు అక్కడ ఉన్నా లేనట్టే. మాది చిన్న కొట్టు. ఒక్క సౌదీ ఉంటే పచ్చ, ఆ ఒక్కడూ పోతే ఎరుపు. లెక్క అంతే.

మా యజమాని షేక్ మన్సూర్ మొదట్లో అందరూ చేసినట్టే చేశాడు. ఎవరో ఒక సౌదీ పేరు పుస్తకాల్లో ఎక్కించి, ఆ మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి జీతం పంపాడు. తనిఖీల్లో అది బయటపడి నానా తిప్పలూ పడ్డాక, నిజంగా పనిలోకి వచ్చే మనిషిని వెతికి తెచ్చాడు. అబూ తుర్కీ అలా వచ్చాడు. యాభై దాటినవాడు, నీళ్ల ట్యాంకరు నడిపినవాడు, చిన్నప్పటి నుంచి ఒడ్డున చేతి దారంతో చేపలు పట్టినవాడు. లావుపాటి వేళ్లు, తక్కువ మాటలు. చేరిన రోజునే, "నా పేరు మాత్రమే కావాలంటే కుదరదు. పని ఉంటేనే వస్తాను" అన్నాడు.

ఆ సంవత్సరమే విదేశీయుల కుటుంబ సభ్యుల మీద లెవీ, అంటే తలకింతని పన్ను, మొదలైంది. మా రత్న అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. మా అమ్మాయి అనూష నా ఇఖామా మీద ఉండి, దమ్మాంలో ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి చదువుతోంది. లెవీకి భయపడి చాలామంది పిల్లల్ని ఇంటికి పంపేస్తున్నారు. పన్నెండు పూర్తయ్యేదాకా ఎలాగోలా కట్టుకుంటూ ఉందామని మేం నిర్ణయించుకున్నాం. నా ఇఖామా గడువు ఎండాకాలం తర్వాత తీరుతుంది. కొట్టు పచ్చగా ఉంటేనే అది కొత్తదవుతుంది. అందుకని అబూ తుర్కీ పొద్దున్నే తలుపు తోసుకుని లోపలికి వచ్చేదాకా నా ప్రాణం కుదుటపడేది కాదు. గోదాము చూసే జగిత్యాల రాజన్నదీ ఇదే పరిస్థితి.

"అన్నా, గాయిన ఒక్కరోజు ఆలస్యమైతే నా పానం పోతున్నది. ఆయిన మానేసిండంటే మనం బ్యాగులు సదురుకునుడేనాయె" అనేవాడు.

అబూ తుర్కీని ఉంచుకోవాలంటే పని ఇవ్వాలి. ముడులు నేర్పడం మొదలుపెట్టాను. లీడరుకు టిప్పెట్ కలిపే ముడి అన్నిటికన్నా సున్నితం. దాన్ని బిగించే ముందు తడపాలి. పొడిగా బిగిస్తే దారం మీద దారం రాసుకుని వేడెక్కి, పైకి బాగానే కనిపిస్తూ లోపల చచ్చుబడుతుంది. అందరూ చేసేది ఒక్కటే, ముడిని నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడపడం. అబూ తుర్కీ ఒకసారి చూసి పట్టుకున్నాడు.

అంతలో రంజాన్ వచ్చింది. ఉపవాసంలో ఆయన నోట్లో దారం పెట్టుకోడు. ఉపవాసం లేని నేను కూడా ఆ నెలలో పగలు నలుగురి ముందూ నోట్లో ఏదీ పెట్టుకోను, అది అక్కడి మర్యాద, చట్టం కూడా. అందుకని ముడుల బల్ల మీద చిన్న గిన్నెతో నీళ్లు పెట్టాను. ఈద్ తర్వాత బోస్నియా వెళ్లే ఇంజనీర్ నబీల్ కోసం లీడర్లు కట్టే పని అబూ తుర్కీకి అప్పగించి, నేను కొత్త సరుకు విడిపించే పని మీద దమ్మాం రేవుకు తిరుగుతూ ఉండిపోయాను.

తెల్లబారిన కొస

ఎండాకాలం చివర్లో నబీల్ తిరిగొచ్చాడు. సలాం కూడా చెప్పలేదు. తెగిపోయిన లీడర్లను బల్ల మీద పడేశాడు. వెనకే షేక్ మన్సూర్ వచ్చాడు. ఇద్దరూ పాత స్నేహితులు.

"మూడు చేపలు పోయాయి. మూడోదాని కోసం నేను ఏళ్ల తరబడి అదే మడుగుకు పోతున్నాను. ఈగ కట్టిన ముడి నాది, అది తెగలేదు. తెగింది మీ ముడి దగ్గర" అన్నాడు నబీల్.

నేను ఒక కొసను దీపం కిందికి తీసుకెళ్లి చూశాను. దారం మెలి తిరిగి ఉంది. ముడి ఉన్నచోట తెల్లబారింది. పాత దారమైతే అలా ఉండదు, గుంజితే ఎక్కడబడితే అక్కడ పుటుక్కున తెగుతుంది. ఇది పొడిగా బిగించిన ముడి. గిన్నె పెట్టాను కదా, మరి ఎలా?

రాజన్న నా పక్కకు చేరి, ఎవరికీ అర్థం కాకుండా తెలుగులో అన్నాడు. "అన్నా, గా గిన్నె నేనే తీసి లోపట వెట్టిన. ఒక్కపొద్దున్న మనిషి ముంగట నీళ్లు వెడ్తరా? పాపం తగుల్తదని తీసిన. ఆయిన సుత ఏమనలే."

ఆయన ఎలా అంటాడు? ఉపవాసంలో ఉన్న మనిషి, నీళ్ల గిన్నె ఏదని పరాయివాణ్ణి ఎలా అడుగుతాడు? ఒకడు మర్యాద కొద్దీ తీశాడు, ఒకడు మర్యాద కొద్దీ అడగలేదు. మధ్యలో ముడులన్నీ పొడిగా బిగుసుకున్నాయి.

"ఎవరు కట్టారు?" అన్నాడు షేక్.

అబూ తుర్కీ పేరు చెబితే ఆయన్ని పంపేస్తాడు, కొట్టు ఎర్రబడుతుంది. రాజన్న పేరు చెబితే వాడికి ఆ వారంలోనే ఇంటికి టికెట్టు. దారం పాతదని అబద్ధం ఆడితే నబీల్ ఒక్క నిమిషంలో పట్టేస్తాడు. ఇవన్నీ నేను తూకం వేసుకుంటూ ఉండగానే అబూ తుర్కీ లేచి నిలబడ్డాడు.

"నేనే కట్టాను."

"ముడులు తడపలేదు. బల్ల దగ్గర నీళ్లు లేవు. బల్ల చూసుకోవాల్సింది నేను" అన్నాను.

నబీల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆరు ఎక్స్ చుట్ట తీసి అబూ తుర్కీ ముందు పెట్టాడు. "ఇప్పుడు రంజాన్ కాదు. ఇప్పుడు కట్టు."

నలుగురం చూస్తుండగా ఆ పెద్దమనిషి కూర్చుని ముడేశాడు. తడిపి, మెల్లగా బిగించి, కొసలు కత్తిరించాడు. నబీల్ దాన్ని స్ప్రింగు తక్కెడకు తగిలించి లాగాడు. ముల్లు కదిలింది, ఇంకా కదిలింది. చివరికి దారం తెగింది, ముడి దగ్గర కాదు, మధ్యలో.

"ఖలాస్" అన్నాడు నబీల్. ఆయన కోపం అక్కడితో దిగిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ షేక్ నా వైపు తిరిగి ఇంగ్లీషులో, "ఇకనుంచి ఇతని మీద కన్నేసి ఉంచు, చిన్నపిల్లాణ్ణి చూసుకున్నట్టు" అన్నాడు. అబూ తుర్కీకి ఇంగ్లీషు రాదనుకున్నాడు. ట్యాంకరు నడిపిన అన్నేళ్లలో ఎందరు తెల్ల ఇంజనీర్లకు నీళ్లు పోసి ఉంటాడో మనిషి, ఆ మాట బాగానే అర్థమైంది. జేబులోంచి కొట్టు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు, ఎవరికీ సలాం చెప్పకుండా వెళ్లిపోయాడు.

యజమానుల గురించి ఒక మాట చెబుతాను. షేక్ మన్సూర్ చెడ్డవాడు కాదు. ఈద్ వస్తే మా అందరికీ బట్టలిచ్చేవాడు. కానీ మనిషిని నిలబెట్టి పరీక్ష పెట్టినప్పుడు, అతను నెగ్గాక ఒక మంచి మాట చెప్పడం ఆయనకు చేతకాదు. అలాంటి యజమానుల దగ్గర ఆ మాట మీరు చెప్పాలి. ఆ రోజు నేను చెప్పాల్సింది. నా బుర్ర ఇఖామా దగ్గరే ఉండిపోయింది.

పేరు కావాలా, మనిషి కావాలా

రెండు రోజులైనా అబూ తుర్కీ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. షేక్ "ఇంకొకణ్ణి వెతుకుదాం" అన్నాడు గానీ, అదంత తేలిక కాదని ఆయనకూ తెలుసు. నా గడువు దగ్గరపడుతోంది. ఇంట్లో అనూష పుస్తకం ముందు పెట్టుకుని పేజీ తిప్పడం మానేసింది.

"ఏవండీ, ఫోన్లెందుకండీ? మనిషి దగ్గరికెళ్లి అడగండి. ఆయనకీ పిల్లలుంటారు కదా" అంది రత్న.

వెళ్లాను. అబూ తుర్కీ నన్ను మజ్లిస్‌లో, అతిథుల గదిలో, కూర్చోబెట్టాడు. కహ్వా కాఫీ పోశాడు, ఖర్జూరాలు ముందుకు జరిపాడు. నేను రెండో కప్పు తాగాక అడిగాడు.

"షేక్ పంపాడా?"

"లేదు. నేనే వచ్చాను."

"నీకు నేను కావాలా, నా పేరు కావాలా?"

తీపి మాటలు నాకూ వచ్చు. కొట్లో అంతకాలం పనిచేసినవాడికి రాకుండా ఎలా ఉంటాయి? కానీ ఆ కళ్ల ముందు అవి పనిచేయవని అర్థమైంది.

"పేరే కావాలి. నువ్వు లేకపోతే కొట్టు ఎర్రబడుతుంది. నా ఇఖామా ఆగిపోతుంది. మా అమ్మాయి పన్నెండో తరగతి. నడి సంవత్సరంలో పంపేస్తే దాని చదువు పాడవుతుంది."

ఆయన కప్పు కింద పెట్టాడు. "నాకు ముడులు నేర్పింది కూడా అందుకేనా?"

అవునంటే ఆయనకు అవమానం. కాదంటే అబద్ధం. "మొదట్లో అందుకే" అన్నాను. "కానీ నువ్వు ఆ రోజు తక్కెడ ముందు కట్టిన ముడి చాలా బాగుంది. ఆ మాట అందరి ముందూ చెప్పాల్సింది. చెప్పలేకపోయాను."

నేను లేవబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఇంతకుముందు నా పేరు కోసం వచ్చినవాళ్లందరూ నేనే కావాలని అబద్ధమాడారు. రేపు వస్తాను, నీ కూతురి కోసం. నీ ఇఖామా వచ్చాక నా సంగతి చూసుకుంటాను."

వచ్చాడు. తలుపు తీసేవాడు, నమాజు వేళకు షట్టరు దించేవాడు, సముద్రం సామాను అమ్మేవాడు. ముడుల బల్ల వైపు మాత్రం వెళ్లలేదు. నాతో అవసరమైన మాటలే. రోజూ ఇదే ఆఖరి రోజేమో అనుకుంటూ గడిపాను. రాజన్నయితే ఆయన టీ గ్లాసు ఖాళీ కాకుండా కాపలా కాశాడు.

గడువు ఇంకా కొన్ని రోజులుందనగా నా ఇఖామా రెన్యూ అయింది. మెసేజ్ చూసి కొట్లోనే నిలబడి ఏడ్చేశాను, దాచుకోవడం చేతకాలేదు. ఆ వారమే రాజన్నదీ అయింది. అబూ తుర్కీ ఇద్దరికీ "మబ్రూక్" చెప్పి, ఎప్పటిలాగే ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు రాడనే అనుకున్నాను. నేను వెళ్లేసరికే తలుపు తీసి ఉంది. ఆయన ముడుల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు లీడర్లు, టిప్పెట్ చుట్టలు. దేన్నీ ముట్టుకోలేదు, నా వైపు చూడనూ లేదు. గోదాములో విప్పాల్సిన పెట్టెలున్నాయి. నాకు కావలసింది నాకు అందింది. ఆయన దగ్గర కూర్చుని ముడులు నేర్పాల్సిన అవసరం ఆ రోజు నాకు లేదు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

"నీ ఇఖామా వచ్చేసింది కదా" అన్నాడు.

"వచ్చేసింది."

"మరి?"

"వచ్చే ఎండాకాలానికి బోస్నియా వాళ్లందరికీ లీడర్లు కావాలి. నా ఒక్కడి చేతులు చాలవు."

ఆయన నా కుర్చీని మోకాలితో నెట్టాడు.

"అయితే కాస్త జరుగు" అన్నాడు. "వెలుతురంతా నీ వైపే ఉంది."